హుక్కుల సుబ్బాయమ్మ

భీమవరంలో మా వీధికి వచ్చి ఏ లేడీస్ టైలర్‌నైనా మా జాకెట్టు అయిందా అని అడగండి. "అయిపోయిందండి, హుక్కులకి వెళ్ళింది, రేపు సాయంత్రం రండి" అంటారు. గుడ్డకి ఇంకా కత్తెర తగలకపోయినా ఇదే మాట. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఆ మాట నేనెన్ని వందలసార్లు అన్నానో నాకే తెలియదు. మిషను పని మా వరకు అయిపోయింది, ఇక మిగిలింది చేతిపని, అది ఇంకెవరి దగ్గరో ఉంది, మమ్మల్ని తిట్టకండి అని దానికి అర్థం.

హుక్కు ఇంగ్లీషు మాట అని కూడా మాలో చాలామందికి గుర్తుండదు. మా అమ్మాయి ఓసారి ఫోన్లో అర్థం చూసి చదివి వినిపించింది. హుక్ అంటే కొక్కెం, వంపు తిరిగి ఉండి దేన్నైనా పట్టుకుని ఉంచేది. గోడకి చొక్కా తగిలించేదీ హుక్కే, క్రేనుకి వేలాడేదీ హుక్కే, చేపల గాలం కూడా హుక్కేనట. ఉండొచ్చు. మా వీధిలో మాత్రం హుక్కంటే జాకెట్టుదే. "హుక్కులు పట్టట్లేదు నాగదుర్గ గారూ" అని ఎవరైనా వచ్చారంటే వాళ్ళు ఒళ్ళు చేశారని అర్థం. ఆ మాట మనం అనకూడదు, ఉతికితే గుడ్డ దగ్గరికి వచ్చేసిందండీ అనాలి. హుక్కులు ముందుకా వెనక్కా అని అడిగితే కొందరికి వయసు అడిగినట్టుంటుంది, అందుకని ముందు మొహం చూసి తర్వాత అడుగుతాను. చేతులు వెనక్కి తిరగని పెద్దావిడలు పక్కింటి పిల్లని పిలిచి "హుక్కు పెట్టవే తల్లీ" అంటారు. ఆడవాళ్ళ ఇళ్ళల్లో రోజూ వినబడే ఇంగ్లీషు మాట అదొక్కటేనేమో.

మా వీధిలో ఆ హుక్కులు కుట్టిన మనిషి గురించి చెబుదామని కూర్చున్నాను. ఆవిడ పేరు సుబ్బాయమ్మ. ఆవిడకి నేను చేసిన పని కూడా ఇందులో చెప్పాలి. అది దాచుకుని మిగతాది చెబితే నేను మంచిదాన్నని మీరనుకుంటారు. అలా అనుకోవడం నాకిష్టం లేదు.

ఆవిడది నరసాపురం అవతల సముద్రం ఒడ్డు ఊరు. గంగపుత్రులు. తండ్రి వేటకి వెళ్ళేవాడు, ఆడపిల్లలు ఇసకలో కూర్చుని వలలు బాగుచేసేవాళ్ళు. సుబ్బాయమ్మకి ఏడేళ్ళు వచ్చేసరికి చిరిగిన వల ఒడిలో పడేస్తే కన్ను మీద కన్ను అల్లుకుంటూ పోయేదట. పెళ్ళయ్యాక మొగుడు సత్తియ్య వేట మానేసి భీమవరం పక్కన రొయ్యల చెరువుకి కాపలాకి వచ్చాడు. చెరువు గట్టు మీద గుడిసెలో ఎనిమిదేళ్ళున్నారు. ఓ వానాకాలం అతనికి పచ్చకామెర్లు తిరగబెట్టాయి, పోయాడు. అప్పటికి కొడుకు తొమ్మిదో తరగతి. ఆవిడ చేపల గంప నెత్తిన పెట్టుకుని మా వీధుల్లో తిరగడం మొదలుపెట్టింది.

గంపతోనే నా కొట్టుకి వచ్చింది. మాఘమాసం పెళ్ళిళ్ళ రోజులవి, నేను ఒళ్ళో పదిహేను జాకెట్లు వేసుకుని హుక్కులు కుడుతూ, మధ్యలో వేలికి సూది గుచ్చుకుని నోటికొచ్చింది తిడుతూ ఉన్నాను. మట్టగిడసలు కావాలాండి అని అడిగింది. ఈ జాకెట్లు వండుకుని తింటాను, చేపలెందుకు అన్నాను. నవ్వి గంప దించింది. బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది, సరిపోలేదని మా ఇంట్లోంచి నిమ్మచెక్క అడిగి రుద్దుకుని మళ్ళీ కడుక్కుంది. "ఓటి ఇలా ఇవ్వండి చూత్తాను" అంది. ఇచ్చాను, చెడిపోతే మళ్ళీ కుట్టుకుందాంలే అని.

హుక్కుకి కింద రెండు చిన్న చెవులుంటాయి. మామూలుగా వాటిల్లోంచి నాలుగుసార్లు దారం తిప్పి ఓ ముడేసి వదిలేస్తాం. ఆవిడ చెవులు కుట్టింది, మెడ దగ్గర గుడ్డకి బిగించింది, చివర దారాన్ని చిటికెన వేలి కింది నుంచి తెచ్చి ఏదో చేసింది. ముడి కనబడలేదు. లాగి చూశాను. గుడ్డ సాగింది కానీ హుక్కు కదల్లేదు. అదేం ముడండీ అని అడిగితే "వలముడండి. చేప తన్నుకున్నా జారదు" అంది. ఆ సాయంత్రానికి పదిహేనూ కుట్టేసింది. మర్నాడు గంప లేకుండా వచ్చింది.

అలా పదకొండేళ్ళు వచ్చింది. నా కొట్టులోనే గుమ్మం పక్క వెలుగులో చాప వేసుకుని కూర్చునేది. నా పని అయ్యాక మిగతా కొట్లవాళ్ళ జాకెట్లు సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళేది. మా వీధిలో ఆరు టైలరింగ్ షాపులుంటే ఆరింటి హుక్కులూ ఆవిడే కుట్టేది. హుక్కుల సుబ్బాయమ్మ అంటే ఆటోవాళ్ళకి కూడా తెలుసు. ఆ పేరంటే ఆవిడకి ఇష్టం. చేపల గంప రోజుల్లో కొంతమంది ఆవిణ్ణి గుమ్మం బయటే నిలబెట్టి ముక్కు మూసుకునేవాళ్ళు. ఇప్పుడు అదే గుమ్మాల్లోంచి లోపలికి పిలిచి, పెళ్ళి జాకెట్టు ఒళ్ళో పెట్టి, కాస్త జాగ్రత్తగా కుట్టండమ్మా అని చెప్పేవాళ్ళు. ఓసారి నాతో అంది కూడా. "నా చేతులు వాసన చూసుకుంటానండి అప్పుడప్పుడూ. దారం వాసనొత్తాది." ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహంలో ఎంత సంతోషమో.

పెళ్ళికూతురి జాకెట్టు అయితే మొదటి హుక్కు మాత్రం పసుపు రాసిన దారంతో కుట్టేది. ఎవరూ అడగలేదు, ఎవరికీ కనబడదు కూడా. సముద్రంలోకి కొత్త వల దింపేటప్పుడు వాళ్ళ ఊళ్ళో మొదటి కన్నుకి పసుపు రాస్తారట. ఇదీ అంతే కదండీ అనేది. నేను ఆవిణ్ణి పిన్నిగారూ, మీరు అనే పిలిచేదాన్ని. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. నా నోరు మంచిది కాదని వీధిలో అందరికీ తెలుసు, మా ఆయనకి మరీ బాగా తెలుసు. కానీ ఆవిడ దగ్గర నా నోరు అదుపులోనే ఉండేది, ఆ ఒక్క రోజు తప్ప.

మూడేళ్ళ క్రితం మాట. ఐసు ఫ్యాక్టరీ లక్ష్మిగారి అమ్మాయి వినీల పెళ్ళి. జాకెట్టు వెనక నిండా మగ్గం వర్కు. వెనక హుక్కులు పెట్టాలి, కానీ మామూలు హుక్కులు పెడితే ఆ వర్కు మధ్యలో లావుగా గీతలా కనబడుతుందని నాకు అనిపించింది. బజార్లో కొత్తరకం సన్నహుక్కులు వచ్చాయి. తీగ దారంలా సన్నం, బంగారు రంగు, కుడితే ఉన్నట్టే కనబడవు. తెచ్చాను. పెద్దింటి పెళ్ళి, వీడియో తీస్తారు, నా పని పదిమందీ చూస్తారన్న యావ నాది.

సుబ్బాయమ్మ ఓ హుక్కు తీసి వంపు తిరిగిన దాని ముక్కుని బొటనవేలితో నొక్కి చూసింది. "ఇవి మెత్తగా ఉన్నాయండి అమ్మాయిగారూ. వంగుతున్నాయి."

"ఇప్పుడు అందరూ ఇవే పెట్టిస్తున్నారు పిన్నిగారూ. లావువి పెడితే వెనక కట్టెలు పేర్చినట్టుంటుంది."

"పైనొకటి కిందొకటి పాతవి పెడదామాండి, మధ్యలో ఇవి ఉంటాయి."

"ఫోటోలో తేడా తెలిసిపోతుంది. మీరు కుట్టేయండి."

కుట్టేసింది. ఏడు హుక్కులు. రెండోసారి చెప్పడం ఆవిడ అలవాటు కాదు.

ముహూర్తం పగలే. నేనూ వెళ్ళాను, మూడో వరసలో కూర్చున్నాను. నిజం చెప్పాలంటే పెళ్ళికి వెళ్ళలేదు, జాకెట్టు చూసుకోవడానికి వెళ్ళాను. జీలకర్ర బెల్లం దాకా బాగానే ఉంది. తలంబ్రాల దగ్గర పెళ్ళికొడుకు స్నేహితులు అతన్ని వెనక్కి లాగుతూ ఆట పట్టించారు. అసలే పొడుగు మనిషి. వినీల పట్టుదలగా లేచి, మోకాళ్ళ మీద నిలబడి, దోసిలి నిండా తలంబ్రాలు తీసుకుని రెండు చేతులూ ముందుకి చాపి ఎత్తింది. అలాగే ఆగిపోయింది. బియ్యం వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి, పిల్ల చేతులు దించట్లేదు, వెనక్కి తిరగట్లేదు. వెనక ఉన్న మేనత్త విడిపోయిన జాకెట్టు మీదికి గబుక్కున పైట లాగి కప్పేసింది. తన మెళ్ళో గొలుసుకి ఉన్న పిన్నీసులు తీసి అక్కడికక్కడ గుచ్చింది. పూలజడ ఉండబట్టి సగం పరువు దక్కింది. మిగతా సగం పెద్ద టీవీ తెర మీద అందరూ చూశారు. నేను భోజనం చెయ్యకుండా వచ్చేశాను.

మూడోరోజు పదకొండు గంటలకి లక్ష్మిగారు కొట్టుకి వచ్చింది. చేతిలో కవరు, కవర్లో జాకెట్టు. దాన్ని తెచ్చి నా కత్తిరింపు బల్ల మీద పెట్టింది. కొట్లో నలుగురు ఖాతాదారులున్నారు. సుబ్బాయమ్మ గుమ్మం పక్కన చాప మీద ఉంది, చేతిలో ఎవరిదో జాకెట్టు.

"ఏంటండీ నాగదుర్గ గారూ ఇది. మీ మీద నమ్మకంతో కదండీ ఇచ్చాం. పెళ్ళిలో నా కూతురు ఏడుపు దిగమింగుకుని కూర్చుందండి." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేదాన్ని, అక్కడికి సరిపోయేది. అంత మర్యాదగా అడిగేసరికి నలుగురి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. నా కట్టింగు తప్పు కాదు, నా కొలత తప్పు కాదు, నా షాపు పేరు పోకూడదు. ఇంతే నా బుర్రలో ఉంది. చటుక్కున గుమ్మం వైపు తిరిగాను.

"నీ ముడి ఊడిపోయింది చూడు. కళ్ళు కనబడకపోతే కనబడట్లేదని చెప్పొచ్చు కదా. పెళ్ళి జాకెట్టు అది."

పదకొండేళ్ళలో ఆవిణ్ణి నువ్వు అనడం అదే మొదటిసారి.

సుబ్బాయమ్మ తలెత్తింది. "ముడి ఊడిందాండి?" అంది మెల్లగా.

"ఊడకపోతే హుక్కులెలా వచ్చేస్తాయి. నా కళ్ళతో చూశాను, నేనక్కడే ఉన్నాను."

నేను చూసింది ఆగిపోయిన పెళ్ళికూతుర్ని. హుక్కుల్ని కాదు. జాకెట్టు నా చేతికి మూరెడు దూరంలో, బల్ల మీద, కవర్లో ఉంది. తీసి ఓసారి వెనక్కి తిప్పి చూస్తే సరిపోయేది. చెయ్యి చాచలేదు. లక్ష్మిగారు సుబ్బాయమ్మ వైపు చూసి, నా వైపు చూసి, "ఇకనుంచైనా మనుషుల్ని చూసి పెట్టుకోండి" అని కవరు తీసుకుని వెళ్ళిపోయింది. బాగుచేసిస్తానంటే మీ చేతికి మళ్ళీ ఇవ్వనంది.

సుబ్బాయమ్మ చేతిలో ఉన్న జాకెట్టు పూర్తి చేసింది. మడత పెట్టింది. సూదిని దారపుకండెకి గుచ్చి, సంచి తీసుకుని, "వత్తానండి" అంది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడు కూడా రాలేదు. కబురు పెడదామని రోజూ అనుకున్నాను. పెట్టలేదు, ఎందుకంటే పెడితే సారీ చెప్పాలి.

అంతటితో ఆగినా బాగుండేది. పక్క కొట్టు శివరామకృష్ణ గారు ఆ వారంలో అడిగారు, ఏంటండీ లక్ష్మిగారి పెళ్ళిలో ఏదో జరిగిందట అని. "సుబ్బాయమ్మ గారికి కళ్ళు తగ్గాయండి, పని జారిపోతోంది" అన్నాను. జాలిపడినట్టు కూడా అన్నాను. అది చెప్పిన రోజు సాయంత్రానికి ఆరు కొట్లకీ తెలిసింది. పెళ్ళిళ్ళ సీజను, ఎవరి భయం వాళ్ళది. ఒక్కొక్కరే ఆవిడకి జాకెట్లు ఇవ్వడం మానేశారు. రెండు నెలల తర్వాత తెలిసింది, ఊరి బయట రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తోందని. నిలబడి, ఐసులో చేతులు పెట్టి చేసే పని. షెడ్డులో రోజూ పని ఉంటుందిలే, ఆవిడకీ అదే నయం అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇంకోటి కూడా చెప్పాలి. సన్నహుక్కుల ప్యాకెట్టు నేను మళ్ళీ తీయలేదు. మళ్ళీ పాతరకమే తెచ్చుకున్నాను. ఎందుకని అప్పుడు నన్ను నేను అడగలేదు.

మొన్న వైశాఖంలో వినీల వచ్చింది. చంకలో తొమ్మిది నెలల పాప. వాళ్ళ తమ్ముడి పెళ్ళట. "ఆంటీ, నా పెళ్ళి జాకెట్టు లూజు చేసి పెట్టాలి. అమ్మ వద్దంది కానీ ఆ వర్కు నాకిష్టం. మీ కుట్టు బాగుంటుంది కదా, హుక్కుల సంగతి ఎవరో పెద్దావిడ పొరపాటు అని అమ్మ చెప్పింది" అంది. ఆ పిల్ల మనసులో ఏ కోపం లేదు. పాపని ఆడిస్తూ కాసేపు కూర్చుని జాకెట్టు ఇచ్చేసి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేరు. జాకెట్టు తిరగేసి, వెనక పట్టీ విప్పుదామని బ్లేడు తీసుకున్నాను. ఏడు హుక్కులు. ఏడూ ఉన్నాయి. ఒక్కటి కూడా ఊడలేదు. పై మూడింటికి ముక్కులు లేవు, అంటే వంపు సాగిపోయి తీగ తిన్నగా నిలబడి ఉంది. అటు పట్టీకి హుక్కులు తగిలించే కాజాలు చెక్కుచెదరలేదు. తిన్నగా అయిన తీగ కాజాలోంచి జారిపోయింది, అంతే జరిగింది. మిగతా నాలుగింటిలో ఒకదాన్ని బొటనవేలితో నొక్కాను. వంగిపోయింది. చిన్నపిల్ల నొక్కినా వంగేలా ఉంది. అన్నిటికంటే పైదాని కింద పసుపు దారం. మూడేళ్ళు బీరువాలో ఉండి కాస్త వెలిసింది. చిటికెన వేలు తిప్పి వేసిన ముడి అలాగే ఉంది, గోరుతో లేపబోతే లేవలేదు. బ్లేడుతో కోయాల్సి వచ్చేది, కానీ నేను కోయలేదు. బ్లేడు పక్కన పెట్టేసి చాలాసేపు ఆ పట్టీ పట్టుకుని కూర్చున్నాను. ఈ మాత్రం చూడటానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం ఆ రోజు నా దగ్గర లేదు.

మర్నాడు ఆదివారం. షెడ్డుకి సెలవని తెలుసుకుని జాకెట్టు కవర్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. దారంతా మాటలు పేర్చుకున్నాను. ఆవిడ తిడితే పడాలి. ఎందుకొచ్చావంటే ఇందుకొచ్చానని చెప్పాలి. వీధిలో మిగతా ఐదు కొట్లకీ నేనే వెళ్ళి చెబుతానని చెప్పాలి. మళ్ళీ రమ్మని అడగాలి, గుమ్మం పక్క చాప అలాగే ఉందని చెప్పాలి.

కాలనీలో రెండు గదుల ఇల్లు. కొడుకు ఐసు వ్యాను డ్రైవరు, ఇంట్లో లేడు. కోడలు వీరదుర్గ నన్ను గుర్తుపట్టింది, గుర్తుపట్టి కుర్చీ వేసింది కానీ కూర్చోమనలేదు. సుబ్బాయమ్మ లోపలినుంచి వచ్చింది. "అమ్మాయిగారా, రండి రండి. ఎండలో వచ్చారు. మంచినీళ్ళు తేవే." ఇంకో కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. మనిషి సన్నబడింది. మూడేళ్ళ క్రితం ఇంటికి అతిథిగా వెళ్ళి ఉంటే ఎలా పలకరించేదో అలాగే పలకరించింది. నాకు పేర్చుకున్న మాటలన్నీ పోయాయి. కవర్లోంచి జాకెట్టు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"వినీల పెళ్ళి జాకెట్టు పిన్నిగారూ."

ఆవిడ దాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇదెందుకు తెచ్చారండి."

"వెనక్కి తిప్పి చూడండి."

కుర్చీ గుమ్మం దగ్గరికి జరుపుకుంది, వెలుగు కోసం. పట్టీ తిప్పింది. అప్పుడు చూశాను ఆవిడ వేళ్ళు. కొసలు తెల్లగా ఉబ్బి, గోళ్ళ పక్కన చర్మం పగిలి ఉంది. ఒక్కో హుక్కు దగ్గరా బొటనవేలు ఆనించింది. వేలికి తెలియక, దగ్గరికి ఎత్తి కళ్ళతో చూసింది. కళ్ళు బాగానే ఉన్నాయి. మొదటిది, రెండోది, అలా ఏడోదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చింది.

"ముళ్ళన్నీ ఉన్నాయండి" అంది.

"ఉన్నాయి పిన్నిగారూ. ముడి ఊడలేదు. హుక్కులు సాగిపోయాయి. మీరు మెత్తగా ఉన్నాయని చెప్పారు, నేనే వినలేదు. తప్పు నాది."

"మరి ఊడిందన్నారు కదండి."

"అన్నాను. చూడకుండా అన్నాను."

కోపం వస్తుందని చూశాను. రాలేదు. నేను చెప్పింది బోధపడనట్టు నా మొహంలోకే చూసింది.

"చూసే అనుంటారనుకున్నానండి నేను" అంది. "మీరు చూడకుండా అనరు కదా అని. ఇంటికొచ్చి పాతగుడ్డ మీద నాలుగు హుక్కులు కుట్టి లాగి చూసుకున్నాను. ఊడలేదు. కానీ మీరు ఊడిందన్నారు. అయితే నాకు తెలీకుండానే చెయ్యి జారుతోందన్నమాట అనుకున్నాను. అదింక నమ్మకూడదు కదండి. ఇంకో పెళ్ళికూతురికి జరిగితే ఎలాగ. శివరామకృష్ణ గారు పనివ్వడం మానెయ్యలేదండి మొదట్లో, నేనే వద్దన్నాను."

మూడేళ్ళుగా ఆవిడ నా మీద కోపంతో ఉందనుకున్నాను. ఆ కోపానికి భయపడి ఈ వీధి వైపు రాలేదు. ఆవిడకి నా మీద కోపమే లేదు. ఆవిడ కోపమంతా తన చేతి మీదే.

వీరదుర్గ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని లోపలి గది గుమ్మంలోనే నిలబడిపోయింది. "మా పాప స్కూలు గౌనుకి హుక్కు ఊడితే నాచేతే కుట్టిస్తాదండి" అంది నాతో. "నాకు సూది పట్టుకోడం రాదు, నువ్వు కుట్టత్తయ్యా అంటే, వద్దే, మళ్ళీ నలుగురిలో ఊడితే పిల్లకి నామర్దా అంటాది. మా ఆయన కాలవలో వేసుకునే వల చిరిగితే బయట ఇచ్చుకున్నాడు. ఏడేళ్ళప్పటినుంచి వల అల్లిన మనిషండి."

"మళ్ళీ రండి పిన్నిగారూ" అన్నాను. "రేపే రండి. వీధిలో అందరికీ నేనే చెబుతాను."

సుబ్బాయమ్మ తన చేతులు నా ముందు తిప్పి చూపించింది, ఫిర్యాదులా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు. "ఐసండి. కొసలకి తెలీట్లేదు. సూది తగిలిందో లేదో తెలీదు, రక్తం చూసి తెలుసుకోవాలి. ఇప్పుడు నిజంగానే పనికిరావండి." జాకెట్టు ఇచ్చేస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. పట్టీ మళ్ళీ వెలుగులోకి ఎత్తింది. ఆవిడ మొహం ఒక్కసారిగా చిన్నపిల్ల మొహంలా అయింది.

"ఒసేయ్ వీరదుర్గా, ఇలా రా. ఇది చూడు" అని పిలిచింది. "ఊడలేదంట. అసలు ఊడనే లేదే."

వీరదుర్గ వచ్చి పక్కన నిలబడింది. జాకెట్టు వైపు చూడలేదు. నా వైపే చూస్తూ ఉంది.